మూర్ఛ మందు వాడేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక మందుల దుకాణం కౌంటరు వెనక చాలా ఏళ్లుగా నిలబడుతున్నాను. జ్వరం మాత్ర కావలసినవారు వీధిలోంచే కేకేసి అడుగుతారు. మూర్ఛ మాత్ర కావలసినవారు మాత్రం పక్కన ఉన్నవాళ్లంతా వెళ్లేదాకా ఆగి, మడిచిన చీటీని అరచేతిలోంచి జార్చి, గొంతు తగ్గించి అడుగుతారు. అలా అడిగిన సందేహాలే ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వస్తున్నాయి. ఫిట్స్ తిరగబెట్టిందని వచ్చినవారిని కూర్చోబెట్టి నెమ్మదిగా కదిపితే, చాలాసార్లు మందు తప్పు కనిపించదు. మధ్యలో మానేసిన నాలుగు రోజులో, మార్చేసిన కంపెనీయో, జాగారమో బయటపడుతుంది. అందుకే ఇవన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరు చెప్పవలసిన మాట. ఇచ్చిన మందును పాడుచేసుకోకుండా వాడుకోవడం వరకే ఇక్కడ రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఒక్కసారే ఫిట్స్ వచ్చింది. దానికే ఏళ్ల తరబడి మాత్రలు మింగాలా?

అన్నిసార్లూ అక్కర్లేదు. ఎక్కువ జ్వరం, రక్తంలో చక్కెర లేదా సోడియం పడిపోవడం, రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేయడం వంటి కారణాలతో వచ్చిన ఫిట్స్‌కు ముందు ఆ కారణాన్ని సరిచేస్తారు. ఏ కారణం లేకుండా కనీసం ఒక రోజు తేడాతో రెండుసార్లు వస్తే మూర్ఛ వ్యాధిగా లెక్క. ఒక్కసారే వచ్చినా, స్కానింగులోనో, మెదడు విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ పరీక్షలోనో మళ్లీ వచ్చే సూచనలు ఉంటే మందు మొదలుపెడతారు.

ఫిట్స్‌కు కారణం మెదడులో ఉన్న పురుగు తిత్తి అని చెబితే చాలామంది గతుక్కుమంటారు. "మా ఇంట్లో పంది మాంసం ముట్టుకోం, మాకెలా వచ్చింది?" అని ఎదురడుగుతారు. మాంసంతో కడుపులోకి చేరేది బద్దెపురుగు. మెదడులో తిత్తి కట్టేది దాని గుడ్డు. ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలం నుంచి, కడగని చేతుల మీదుగా, సరిగా కడగని కూరగాయల మీదుగా గుడ్లు నోట్లోకి వెళతాయి. శాకాహారులకు రావడంలో వింతేమీ లేదు.

ఈ మందు రోగాన్ని నయం చేస్తుందా, లేక ఆపి ఉంచుతుందా?

ఆపి ఉంచుతుంది. చెరువుకు గట్టు ఎలాగో మెదడుకు ఈ మాత్ర అలాగ. గట్టు ఉన్నన్నాళ్లూ ఊరికి ఏమీ కాదు. ఏమీ కావడం లేదు కదా అని గట్టు తవ్వితే ఏమవుతుందో తెలిసిందే. సరైన మందు సరిగా వాడితే మూర్ఛ ఉన్నవారిలో దాదాపు 70 శాతం మంది ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారిలో కొందరికి కొన్నేళ్ల తరువాత మందు మానే అవకాశం కూడా ఉంటుంది.

డాక్టరు దగ్గరికి ఏమేమి పట్టుకెళ్లాలి?

ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఫోనులో తీసిన వీడియో ఉంటే అన్నింటికన్నా అదే ముఖ్యం. మనిషి పడిపోయి కొట్టుకున్నాడా, కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయాడా, చేతులు ఉలిక్కిపడ్డాయా అన్నదాన్ని బట్టి మందే మారిపోతుంది. ఒక రకం ఫిట్స్‌కు మంచిదైన కార్బమజెపైన్ మరో రకాన్ని ఎక్కువ చేయగలదు. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. గర్భం, కాలేయం జబ్బు, కిడ్నీ జబ్బు, ఇంతకుముందు ఏదైనా మందుకు దద్దుర్లు రావడం, ఇవన్నీ అడగకముందే చెప్పండి.

మాది ఉద్దానం. ఇంటికొకరు కిడ్నీ రోగులు. ఈ మాత్రలతో మా కిడ్నీలు కూడా పోతాయా?

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవారిలో ఈ ప్రశ్న అడగనివారు అరుదు. ఆ భయం ఊరికే రాలేదు. మామూలుగా వాడే మూర్ఛ మందులు ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను పాడుచేయవు. అప్పటికే కిడ్నీలు దెబ్బతిని ఉంటే మాత్రం కొన్ని మందుల లెక్క మారుతుంది. లెవెటిరాసెటామ్ ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీ మందగిస్తే అది ఒంట్లో పేరుకుపోయి మత్తు, తూలుడు తెస్తుంది. కాబట్టి కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసి మోతాదు తగ్గిస్తారు. డయాలసిస్ చేయించుకునేవారికి ఇది తిరగబడుతుంది. ఒక్క డయాలసిస్‌లోనే ఒంట్లో ఉన్న లెవెటిరాసెటామ్‌లో సగం దాకా వెళ్లిపోగలదు. ఆ తరువాత వేసుకోవలసిన అదనపు మోతాదు గురించి డయాలసిస్ డాక్టరును తప్పక అడగండి. వాల్‌ప్రోయేట్, ఫెనిటోయిన్, కార్బమజెపైన్ ప్రధానంగా కాలేయంలో విరిగిపోయే మందులు. అయినా కిడ్నీ జబ్బు ఉన్న సంగతి డాక్టరుకు తెలియాలి, ఎందుకంటే ఫెనిటోయిన్ రక్తపరీక్షను ఈ రోగుల్లో వేరుగా చదవాలి.

కిడ్నీల మీద అంత బెంగ ఉన్నవారు చీటీ లేకుండా ఒళ్లునొప్పుల మాత్రలు కొనడం మానండి. ఉద్దానంలో ఆ మాత్రలు ఎంత అమ్ముడుపోతాయో కౌంటరు వెనక ఉన్నవాడిని, నాకు తెలుసు.

## మొదటి వారాలు

మాత్ర వేసుకుంటే రోజంతా మత్తుగా ఉంటోంది. మానేయనా?

మానేయకండి, డాక్టరుకు ఫోను చేయండి. మొదటి రెండు మూడు వారాలు మత్తు, తల తిరుగుడు, వికారం ఉండటం సహజమే. చాలామందికి తగ్గిపోతాయి. ఎక్కువ మోతాదును రాత్రి పూటకు మార్చడం వంటి సర్దుబాట్లు డాక్టరు చేస్తారు. నడుస్తుంటే తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం మొదలైతే మాత్రం ఆ రోజే చూపించుకోవాలి. ముఖ్యంగా ఫెనిటోయిన్ వాడేవారు. ఈ మందుతో ఒక చిక్కు ఉంది. కొంత మోతాదు దాటాక, రోజుకు ఒక్క మాత్ర పెంచినా రక్తంలో దాని స్థాయి ఒక్కసారిగా ఎగబాకుతుంది. "మూడు మాత్రలకు తగ్గలేదు, నాలుగు వేస్తే పోదా" అని ఇంట్లో పెంచేసి, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చినవారిని చూశాను.

డాక్టరు చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. నేనే కొంచెం త్వరగా పెంచుకోవచ్చా?

కుదరదు. లామోట్రిజిన్‌ను వారాల తరబడి మెట్టు మెట్టుగా పెంచడానికి కారణం చర్మమే. తొందరపడితే ప్రమాదకరమైన దద్దుర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. దానితోపాటు వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే ఇంకా నెమ్మదిగా పెంచాలి. ఏ కారణంతోనైనా లామోట్రిజిన్ ఐదారు రోజులు ఆగిపోతే, పాత మోతాదుతో తిరిగి మొదలుపెట్టకూడదు. డాక్టరును అడిగి మళ్లీ మొదటి మెట్టు నుంచి రావలసి ఉండవచ్చు.

ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. వేడి చేసిందా?

మన ఇళ్లలో ప్రతి దద్దుకూ వేడి అని పేరుపెట్టి మజ్జిగ తాగిస్తారు. మజ్జిగ తాగండి, తప్పులేదు, కానీ కొత్తగా మూర్ఛ మందు మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో దద్దుర్లు వస్తే తరువాతి మాత్ర వేసుకోకముందే డాక్టరుకు చూపించండి. కార్బమజెపైన్, లామోట్రిజిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ వాడేవారు మరీ జాగ్రత్త. దద్దుర్లతోపాటు జ్వరం, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం బొబ్బలెక్కి ఊడటం, ముఖం వాపు, వీటిలో ఏది కనిపించినా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇది ప్రాణం మీదికి రాగల పరిస్థితి. ఊళ్లో సూది వేయించుకుని రేపు చూద్దామనుకోవద్దు. ఒక మందుకు ఇలా అయితే ఆ మందు పేరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, జీవితాంతం ప్రతి డాక్టరుకూ చూపించండి.

ఈ మందు మొదలుపెట్టాక మా ఆయన ప్రతిదానికీ చిరాకుపడుతున్నారు. మందు వల్లేనా?

కావచ్చు. లెవెటిరాసెటామ్‌తో కొందరికి చిరాకు, కోపం, దిగులు వస్తాయి. ఇంట్లో గొడవలు పడి చివరికి మనిషిది తప్పనుకుంటారు గాని, మాత్ర సంగతి తోచదు. డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు. ఇంకొక మాట సూటిగా చెప్పాలి. చచ్చిపోవాలనిపించడం కూడా కొద్దిమందిలో ఈ మందులతో ముడిపడి ఉండవచ్చని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అలాంటి మాట నోట వస్తే తేలిగ్గా తీసుకోకండి. మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

జుట్టు రాలుతోంది, చిగుళ్లు ఉబ్బుతున్నాయి. ఇవి కూడా మందు వల్లేనా?

జుట్టు రాలడం, బరువు పెరగడం, చేతులు వణకడం వాల్‌ప్రోయేట్‌తో కనిపిస్తాయి. చిగుళ్లు పెరగడం ఫెనిటోయిన్ పని. పూటపూటా పళ్లు శుభ్రంగా తోముకుంటే కొంత అదుపులో ఉంటుంది. రెండింటికీ మందు మార్చే దారి ఉంది, అద్దంలో చూసుకుని సొంతంగా ఆపే దారి లేదు. వాల్‌ప్రోయేట్ వాడేవారికి విడవని వాంతులు, కడుపునొప్పి, కళ్లు పచ్చబడటం, ఊరికే కమిలిన మచ్చలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

## రోజూ వాడేటప్పుడు

ఒక పూట మాత్ర మరచిపోయాను. ఇప్పుడు రెండు వేసుకోవాలా?

రెండు కలిపి వేసుకోవద్దు. రోజుకు రెండుసార్లు వేసుకునేవారు పొద్దున ఎనిమిదింటి మాత్ర మరచి మధ్యాహ్నంలోగా గుర్తుకొస్తే వెంటనే వేసుకుని, రాత్రి మాత్రను మామూలు వేళకే వేసుకోండి. రాత్రి మాత్రకు ఇంకో రెండు మూడు గంటలే ఉందనగా గుర్తొస్తే, మరచినదాన్ని వదిలేయండి. ఈ మధ్యలో సందిగ్ధంగా ఉంటే మీ డాక్టరునో, మందు ఇచ్చినవారినో అడగండి. ఒక రోజుకు మించి తప్పిపోతే ఫోను చేయడం తప్పనిసరి.

అసలు మరచిపోకుండా ఒక ఉపాయం. నరసన్నపేట వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ క్యాలెండరు పక్కన చిన్న స్టీలు గిన్నె పెట్టుకుంది. ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా మాత్రలు కత్తిరించి, రేకు విప్పకుండా, ఏ రోజువి ఆ రోజు రబ్బరుబ్యాండు వేసి అందులో పెడుతుంది. వేసుకున్నాక క్యాలెండరులో తేదీ మీద గీత. "వేసుకున్నానా లేదా" అన్న అనుమానంతో రెండోసారి మింగే పని ఆవిడకు లేదు.

మాత్ర వేసుకోగానే వాంతి అయింది. మళ్లీ వేసుకోవాలా?

వేసుకున్న కాసేపటికే, మాత్ర మాత్రలాగే బయటపడితే మళ్లీ వేసుకోవచ్చు. గంట దాటాక అయితే వద్దు. వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చోవద్దు. మాత్ర కడుపులో నిలవకపోతే సూది ద్వారా ఇవ్వవలసి రావచ్చు.

మాత్ర పెద్దగా ఉంది. నూరి తేనెలో కలిపి ఇవ్వవచ్చా?

పేరు చివర సీఆర్, ఈఆర్, క్రోనో వంటి అక్షరాలు ఉంటే నూరకూడదు, నమలకూడదు. అవి రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా చేసినవి. నూరితే మొత్తం ఒక్కసారే రక్తంలోకి చేరుతుంది. మధ్యలో గీత ఉన్న కొన్ని మాత్రలను సగం చేయవచ్చు, అదీ డాక్టరు సగం రాస్తేనే. మింగలేనివారికి చాలా మందులు సిరప్పులో దొరుకుతాయి.

రాసిన కంపెనీ మందు లేదంటే, అదే మందు వేరే కంపెనీది తీసుకోవచ్చా?

జ్వరం మాత్రకైతే నేనే మార్చి ఇస్తాను. మూర్ఛ మాత్రకు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. ఒకే మందు, ఒకే మోతాదు అయినా, కంపెనీ మారితే రక్తంలోకి చేరే తీరులో చిన్న తేడా ఉండవచ్చు. చాలామందికి ఆ తేడా ఏమీ చేయదు. ఫెనిటోయిన్, కార్బమజెపైన్ వంటివి వాడుతూ అంచు మీద నిలబడినవారికి అదే చాలు. చవక కోసం జన ఔషధి మందుకు మారాలనుకుంటే మారండి, అదేమీ నాసిరకం కాదు. డాక్టరుకు చెప్పి మారండి, మారాక దానిమీదే నిలబడండి. నెలనెలా మార్చడమే కూడనిది. మామూలుగా రాసే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్ ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవే. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి చూడండి.

విడి మాత్రలు కొనేవారికి ఒక విన్నపం. డబ్బు చాలక ఐదేసి మాత్రలు కత్తిరించి తీసుకెళ్లడంలో తప్పులేదు. ఆ ముక్క మీద మందు పేరు, మోతాదు, గడువు తేదీ మిగలవు. ఒకసారి ఒకాయన జేబులోంచి తీసిన ముక్క మీద మిగిలినవి రెండు అక్షరాలే. అది 200 మాత్రో 400 మాత్రో ఇద్దరికీ తెలియదు. పేరున్న వైపు కత్తిరించి ఇమ్మని దుకాణంలో గట్టిగా అడగండి. లేదా కవరు మీద రాయించుకోండి.

మాత్రలు ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మా ఇంట్లో ఉప్పు కూడా నీరుకారిపోతుంది.

ఉప్పు నీరుకారే ఇంట్లో మాత్ర కూడా చెమ్మ పీల్చుకుంటుంది. కార్బమజెపైన్ మాత్ర తేమకు గట్టిపడి కడుపులో సరిగా కరగదు. దాని బలంలో మూడో వంతు దాకా పోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎప్పుడో చెప్పింది. భావనపాడు నుంచి ఒక కుర్రాడి తల్లి పోపులపెట్టెలో పెట్టిన మాత్రలు తెచ్చి చూపించింది. రేకు విప్పేసి ఉన్నాయి, అంచులు ఉబ్బి, వేలితో నొక్కితే సుద్దముక్కలా ఉన్నాయి. కొడుక్కి మందు పడటం లేదని ఆవిడ బాధ. రేకు విప్పకుండా, మూత బిగువుగా ఉన్న డబ్బాలో, పొయ్యికీ స్నానాలగదికీ దూరంగా, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

డబ్బాలో ఎప్పుడూ కనీసం రెండు వారాల మాత్రలు మిగులు ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక కరెంటు లేదు, దారికి అడ్డంగా కొబ్బరిచెట్లు, దుకాణాలు తెరవలేదు. మాత్రలు నిండుకునే రోజున తుపాను రాదన్న హామీ మన తీరంలో ఎవరికీ లేదు. తుపాను కబురు రాగానే చీటీనీ మాత్రలనూ ప్లాస్టిక్ సంచిలో కట్టి, పునరావాస కేంద్రానికి వెళ్లేటప్పుడు ఒంటి మీదే ఉంచుకోండి.

## పండగలు, పనులు, ప్రయాణాలు

శివరాత్రికి ఉపవాసం, జాగారం చేయవచ్చా?

ఉపవాసం కన్నా జాగారంతోనే ప్రమాదం ఎక్కువ. నిద్ర తప్పడం ఫిట్స్‌కు తెరిచిన తలుపు. శ్రీముఖలింగంలో తెల్లవార్లూ కూర్చోవడం, రథసప్తమి ముందురాత్రి అరసవల్లిలో వరుసలో నిలబడటం, సిరిమానుకు ముందురోజే విజయనగరం చేరి నిద్రలేకుండా తిరగడం, ఇవి మీకు తగవు. పగటిపూట దర్శనం చేసుకోండి. ఉపవాసం ఉన్నా మాత్రను వేళకు నీళ్లతో మింగాలి. మాత్రతో వ్రతభంగమవుతుందేమోనని సందేహముంటే మీ పూజారిగారినే అడగండి. మాత్ర వేసుకోవద్దనేవారిని నేనింతవరకు చూడలేదు. రంజాన్ ఉపవాసం ఉండేవారు ముందుగానే డాక్టరుతో మాట్లాడి, సహరీ, ఇఫ్తార్ వేళలకు మోతాదులు సర్దించుకోవచ్చు.

మందు మీద మందు పడితే ఏమవుతుంది?

మన భాషలో రెండింటికీ ఒకే మాట ఉండటం వల్ల ఈ ప్రశ్న నవ్వుతూనే అడుగుతారు. సారా అయినా కల్లు అయినా మాత్ర మత్తును రెట్టింపు చేస్తుంది, నిద్రను చెడగొడుతుంది, మాత్ర మరపిస్తుంది. తాగి దిగాక మరుసటి రోజే ఎక్కువ ముప్పు. "ఈ రాత్రి తాగాలి కాబట్టి మాత్ర మానేస్తాను" అన్నది అన్నింటికన్నా పెద్ద తప్పు. రోజూ తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ వస్తాయి. డాక్టరు సాయంతో మానాలి.

చేపలవేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళుతున్నాను, నెలల తరబడి రాను. మందు సంగతి?

ఉన్నన్నాళ్లకు సరిపడా మాత్రలు, చీటీ నకలు, ఫోనులో చీటీ ఫొటో తీసుకెళ్లండి. చీటీ మీద మందు అసలు పేరు రాయించుకోండి. కంపెనీ పేరు అక్కడి దుకాణంలో తెలియకపోవచ్చు. సంచిని రైల్లో బెర్తు కింద పెట్టి పోగొట్టుకున్నవారు ఉన్నారు, సగం మాత్రలు వేరే సంచిలో వేసుకోండి. అయితే ఫిట్స్ ఇంకా అదుపులోకి రానివారు సముద్రంలోకి వెళ్లకూడదు. పడవ అంచు మీద వచ్చిన ఫిట్స్‌కు నా దగ్గర ఏ మాత్రా లేదు. బావిగట్టు, కొబ్బరిచెట్టు, ఒంటరి చెరువుస్నానం, కట్టెలపొయ్యి ముందు ఒంటరి వంట, ఇవి కూడా అలాంటివే. స్నానాలగదికి లోపలి గడియ పెట్టకండి.

బండి నడపవచ్చా?

లైసెన్సు దరఖాస్తులోని ఫారం 1లో మూర్ఛ ఉందా అని నేరుగా అడుగుతారు. అబద్ధం రాయవద్దు. ఫిట్స్ వస్తున్నవారు, మందు మారుతున్నవారు, మోతాదు తగ్గిస్తున్నవారు మోటారుసైకిలు కూడా ముట్టుకోకూడదు.

## వేరే మందులతో

జ్వరానికీ నొప్పులకూ ఏది వేసుకోవచ్చు?

మామూలు మోతాదులో పారాసిటమాల్ సరిపోతుంది. జ్వరమే ఫిట్స్‌ను లేపగలదు కాబట్టి తగ్గించుకోవాలి కూడా. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు ఫిట్స్ తేలిగ్గా వచ్చేలా చేస్తాయి. క్లారిత్రోమైసిన్ కార్బమజెపైన్‌ను రక్తంలో పెంచేస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా సరే, సూది వేయకముందే "నేను మూర్ఛ మందు వాడుతున్నాను" అని చెప్పండి. సిగ్గుపడి దాచేది ఈ మాటనే, ప్రాణం కాపాడేదీ ఈ మాటే.

టీబీ మందులు మొదలుపెట్టారు. రెండూ కలిపి వాడవచ్చా?

వాడాలి, కానీ ఇద్దరు డాక్టర్లకూ తెలియాలి. రిఫాంపిసిన్ చాలా మూర్ఛ మందులను ఒంట్లోంచి త్వరగా తరిమేస్తుంది. ఐసోనియాజిడ్ ఫెనిటోయిన్, కార్బమజెపైన్ స్థాయిలను పెంచుతుంది. రక్తపరీక్ష చూసి మోతాదు మారుస్తారు. టీబీ మందులు అయిపోయాక ఈ లెక్క తిరిగి మారుతుంది, అప్పుడు కూడా చూపించుకోవాలి.

ఫలానా ఊళ్లో వేరుమందు ఇస్తే మూర్ఛ పోయిందట. వాడి చూడమంటారా?

పొట్లం మీద పేరు లేని పొడిని వాడమని చెప్పను. మన దేశంలో మూలికల పేరుతో అమ్మిన మూర్ఛ పొడుల్లో ఫినోబార్బిటోన్, ఫెనిటోయిన్ కలిపి ఉన్నట్లు పరీక్షల్లో బయటపడిన సందర్భాలు ఉన్నాయి. అందుకే కొందరికి "పనిచేసినట్టు" ఉంటుంది. మోతాదు ఎవరికీ తెలియదు, పొడి అయిపోయిన మర్నాడు ఫిట్స్ వరుసకడతాయి. కర్పూరం, నీలగిరి తైలం కడుపులోకి వెళితే వాటితోనే ఫిట్స్ రాగలవు, ముఖ్యంగా పిల్లలకు. జలుబుకని పసివాడి ముక్కుకు కర్పూరం రాసే అలవాటు మానండి.

## ఆడవారి సందేహాలు

పిల్లలు కలగకుండా మాలా-ఎన్ వాడుతున్నాను. ఫరవాలేదా?

ఫెనిటోయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటోన్ వాడుతుంటే మాలా-ఎన్ వంటి మాత్రల బలం తగ్గి గర్భం రావచ్చు. కాపర్-టీకి, మూడు నెలలకోసారి వేసే అంతర సూదికి ఈ ఇబ్బంది లేదు. లామోట్రిజిన్‌తో కథ ఎదురు తిరుగుతుంది. గర్భనిరోధక మాత్రలోని ఈస్ట్రోజన్ లామోట్రిజిన్ బలాన్నే తగ్గిస్తుంది. ఏఎన్‌ఎంకు మీ మూర్ఛ మందు పేరు చూపించి అడగండి.

నెల తప్పాను. బిడ్డకు ఏమైనా అవుతుందని మాత్ర మానేశాను. సరైన పనేనా?

ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పెద్ద ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. ఎక్కువ భయపడవలసినది వాల్‌ప్రోయేట్ విషయంలో. గర్భంలో దాన్ని వాడిన తల్లులకు పుట్టిన 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి పుట్టుక లోపాలు, 30 నుంచి 40 మందికి మాటలు, చదువు, ఎదుగుదలలో ఇబ్బందులు ఉంటాయి. అందుకే వేరే దారి ఉన్నంతవరకు ఆడపిల్లలకు ఆ మందు మొదలుపెట్టరు. ఇప్పటికే వాడుతుంటే గర్భానికి ముందే, డాక్టరు చేతుల మీదుగా మార్చుకోవాలి. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్‌లకు ఈ ముప్పు చాలా తక్కువ, కానీ నెలలు పెరిగేకొద్దీ రక్తంలో వాటి స్థాయి పడిపోతుంది కాబట్టి మోతాదు పెంచవలసి రావచ్చు. ఫోలిక్ యాసిడ్‌ను గర్భానికి ముందు నుంచే మొదలుపెట్టాలి. ఐదో నెలలో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాను తప్పించుకోవద్దు. కాన్పు తరువాత పాలివ్వవచ్చు. ఫినోబార్బిటోన్ వాడే తల్లి మాత్రం బిడ్డ మరీ మగతగా ఉందా, పాలు సరిగా తాగుతోందా అని గమనించాలి.

పెళ్లిచూపుల్లో చెప్పాలా? చెబితే సంబంధం తప్పిపోతుంది.

మా అమ్మాయి మాత్రలు పెళ్లయ్యాక ఎలా వేసుకుంటుంది అని అడిగిన తల్లికి నేను చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాను. దాచిన పెళ్లిలో మొదట ఆగిపోయేది మాత్రే. అత్తగారింట్లో డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక మానేసి, పెళ్లి హడావిడిలో నిద్రలేక, పదహారు రోజుల పండగ కాకముందే ఫిట్స్‌తో వచ్చినవారు ఉన్నారు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూపిన మాటను 1999లో తొలగించారు. చట్టం దాన్ని లోపంగా చూడటం లేదు. చెప్పి చేసుకోండి.

## పిల్లలకు

సిరప్పు ఎన్ని చెంచాలు పోయాలి?

చెంచా లెక్క వదిలేయండి. వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత. సీసాతో వచ్చే కొలత గ్లాసునో, సూది లేని సిరంజినో వాడి మిల్లీలీటర్లలో పోయండి. పోసేముందు బాగా కుదపండి. ముఖ్యంగా ఫెనిటోయిన్ సిరప్పులో మందు అడుగున చేరి, మొదట్లో పలచగా, చివర్లో చిక్కగా పడుతుంది. సీసా మారినప్పుడు ప్రతి ఐదు మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో చదివించుకోండి. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది. బిడ్డ నాలుగు కిలోలు పెరిగితే పాత మోతాదు చాలకపోవచ్చు.

## ఫిట్స్ వచ్చినప్పుడు, మందు ఆపేటప్పుడు

ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవి పెట్టాలా? నోట్లో మాత్ర వేయాలా?

ఇనుమూ వద్దు, ఉల్లిపాయా వద్దు, చెప్పు వాసనా వద్దు. అవి చూపేసరికి ఫిట్స్ దానంతటదే ఆగుతుంది, పేరు తాళంచెవికి వస్తుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తలకింద కండువా పెట్టండి, చుట్టూ ఉన్నవి జరపండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మాత్ర ఏదీ పెట్టకండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోది వచ్చినా, నీటిలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, గర్భిణి అయినా 108కి ఫోను చేయండి. డాక్టరు ముందే మిడజోలం ముక్కు స్ప్రే రాసి ఉంటే చెప్పిన పద్ధతిలో కొట్టండి. దాని గడువు తేదీ ఏడాదికోసారైనా చూడండి.

రెండేళ్లుగా ఫిట్స్ లేవు. ఇక ఆపేయవచ్చా?

రెండేళ్లు అన్నది ఆపడం గురించి మాట్లాడటానికి కనీస గడువు. ఫిట్స్ రకం, ఈఈజీ, స్కానింగు, చేసే పని చూసి డాక్టరు చెబుతారు. కౌమారంలో మొదలయ్యే ఒక రకం మూర్ఛలో, పొద్దున్నే చేతులు ఉలిక్కిపడే రకంలో, మందు ఆపితే తిరగబెట్టడమే ఎక్కువ. ఆపినా నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వరుసగా వచ్చే పరిస్థితి ఏర్పడి, ఐసీయూ దాకా పోవచ్చు. తగ్గించే నెలల్లో బండి వద్దు, ఒంటరి ఈత వద్దు, నిద్ర తప్పవద్దు. ఆపాక డబ్బాలో మిగిలిన మాత్రలను పక్కింటి అబ్బాయికి ఇవ్వకండి. ఒకే జబ్బు అన్నమాటే గాని, మందు వాడిది వేరు. దుకాణానికి తెచ్చి ఇస్తే ఎలా పారేయాలో మేం చెబుతాం.